జెస్సీ మెడలో పతకం

ఆళ్లగడ్డలో కళ్లజోళ్ల అంగడి నడిపే ఖాజా హుసేన్, పదేళ్లుగా సేవా క్లబ్బు కంటి శిబిరాలకు ఊరూరా తిరిగి ముసలివాళ్లను పిలుచుకొచ్చేవాడు. ఈ ఏడు అధ్యక్ష పదవి తనదేననుకున్నాడు. అది తానే క్లబ్బులో చేర్పించిన నర్సు జెస్సీకి దక్కింది. నంద్యాలలో ఆమె పదవి స్వీకరించే సభలో, సీనియర్ కాబట్టి, ఆమె మెడలో అధ్యక్ష పతకం అతనే వేయాల్సి వచ్చింది. చప్పట్లు మోగుతుండగానే వేదిక దిగి వెళ్లిపోబోయాడు.

"అన్నా, మొదటి శిబిరం ఆళ్లగడ్డలోనే పెడ్తాండాం. నువ్వు రావల్ల," అంది జెస్సీ.

"నాకు పనుండాది," అన్నాడు.

శిబిరం రోజు పొద్దున్నే ముసలివాళ్లంతా అతని అంగడి ముందు కూర్చున్నారు.

"నువ్వు రాకుంటే మేం పోమప్పా," అంది ఒకామె.

ఖాజా షట్టరు దించి వాళ్లను వెంటబెట్టుకుని పోయాడు. సాయంత్రం దాకా అందరి కళ్లూ డాక్టరుకు చూపించాడు గానీ, జెస్సీతో ఒక్క మాటా మాట్లాడలేదు.