మాస్కు లేని మనుమరాలు

సూరత్‌లోని బమ్రోలిలో తెలుగు కుటుంబాలు నివసించే ఆ వీధిలో బిడ్డ పుట్టిందంటే మొదటి కబురు వెళ్లేది మేనమామకు కాదు, కొమురవ్వకు. తొలి స్నానం మొదలుకొని ఇరవై ఒకటో నాటి తొట్టెల వేడుక వరకు జరగవలసిన సమస్త కార్యాలూ ఆమె అధికార పరిధిలోనివి. ఆ అధికారాన్ని ఆమెకు ఎవరూ రాసి ఇవ్వలేదు. అయినప్పటికీ ప్రశ్నించినవారూ లేరు. సిరిసిల్ల వైపు నుంచి భర్త రాజనర్సు వెంట మరమగ్గాల పనికి సూరత్ చేరిన నాటి నుంచి, ఆ వీధి పిల్లలందరూ ఆమె చాచిన కాళ్ల మీదే నీళ్లు పోసుకున్నారు.

ఆమె పద్ధతిలో మార్పునకు తావు లేదు. బిడ్డకు కాగిన నీళ్లు, తల్లి చెవుల్లో దూది, తలకు గుడ్డ, కిటికీలకు గడియ. స్నానం ముగిసిన పిమ్మట మట్టి మూకుడులో నిప్పులు పోసి, ఊదు చల్లి, ఆ పొగ మీద బిడ్డను అటూ ఇటూ తిప్పడంతో కార్యక్రమం పూర్తయ్యేది. ఏళ్ల తరబడి ఆ పొగను పీల్చిన ఫలితంగా ఆమెకు ఒక దగ్గు స్థిరపడింది. కొమురవ్వ ఇంకా మెట్ల దగ్గర ఉండగానే ఆమె దగ్గు పై అంతస్తు చేరేది. అది విని ఆడవాళ్లు పొయ్యి మీద నీళ్లు పెట్టేవారు; తొట్టెల నాడైతే పాట ఎత్తుకునేవారు.

కరోనా రెండో ఏడు, వానకాలం మొదలైన కొద్ది దినాలకు, ఆమె సొంత కోడలు వినోద ఆడపిల్లను కన్నది. ఆచారం ప్రకారం తొలి కాన్పు భివండీలోని పుట్టింట జరగవలసి ఉన్నది. అయితే ఆ ఏడు రైళ్ల మీద ఎవరికీ నమ్మకం లేనందున అత్తగారింటనే జరిగింది. కొమురవ్వ ఆనందానికి అవధి లేదు. ఊరందరి పిల్లలనూ తొట్టెలలో వేసిన చేతులకు ఇప్పుడు సొంత మనుమరాలు దక్కింది.

ఆ ఆనందంలోనే ఆమె ఏర్పాట్లను కూడా రెట్టింపు చేసింది. బయటి గాలిలో రోగమున్నదని లోకమంతా చెబుతున్నందున కిటికీలు మూయడంతో సరిపెట్టక, గోడ పైభాగాన ఉన్న వెంటిలేటర్‌లో కూడా భర్త కార్ఖానా నుంచి తెచ్చిన చీరముక్కలు కుక్కింది. కరోనా వచ్చాక తన దగ్గు ఆగిపోవడం తాను నమిలే వాము మహిమేనని నమ్మి, ఊదులో కూడా వాము, దానితోపాటు కర్పూరం, వేపాకు చేర్చింది. ఉన్నది ఒకే గది. అందులోనే వంట, అందులోనే వాన తగలకుండా దండెం మీద ఆరవేసిన బట్టలు, అందులోనే వినోద చీరలకు మెరుపు రాళ్లు అతికించే జిగురు డబ్బా. మూడు దినాలకు గోడ మూలలు నల్లబడ్డాయి. పొద్దున ఉతికిన బట్ట మరునాటికి కూడా ఆరక ముక్కిన వాసన కొట్టింది. పసిదానికి ముక్కు దిబ్బడ వేసి, నిద్రలో పిల్లిలా గురగురలాడసాగింది.

టీకాల విషయమై వచ్చిన ఆరోగ్య కార్యకర్త గుమ్మంలోనే ఆగిపోయింది.

“మాసీ, ఖిడ్కీ ఖోలో! బచ్చీకో ధువా మత్ దో!” అని కిటికీ తెరవమని, బిడ్డకు పొగ పెట్టవద్దని హిందీలో అన్నది.

“నీ ఈడుకంటె ఎక్కువమంది పిల్లలకు నీళ్లు పోసిన నేను,” అని కొమురవ్వ తెలుగులోనే సమాధానమిచ్చి తలుపు వేసింది.

ఆ సాయంత్రం వినోద తల్లికి ఫోన్ చేసి, “అమ్మా, ఈ అర్రల నాకు ఊపిరాడుతలేదు. పొల్లకు ముక్కు పట్టేసింది. తొట్టెల నాటికి వచ్చి మమ్మల్ని తోల్కపో. వేడుక అక్కడనే చేద్దాం,” అన్నది.

గది ఒకటే అయినందున ఆ మాట కొమురవ్వ చెవిన పడకుండా ఎట్లా ఉంటుంది? వీధిలోని పిల్లలందరికీ తొట్టెల కట్టిన మనిషి, సొంత మనుమరాలి తొట్టెలకు భివండీ వెళ్లి చుట్టంలా ఒక మూల కూర్చోవలసి రావడమా!

మరునాడు ఆమె పట్టుదలతో మరింత ఊదు చల్లింది. పొగ చిక్కగా లేచింది. ముక్కు మీదికి మాస్కు లాక్కొని మనుమరాలిని చేతుల్లోకి తీసుకున్నది. ఆ మాస్కు రాజనర్సు దగ్గరుండి మూడు పొరలతో కుట్టించినది. పసిపిల్లల దగ్గరికి పోయేటప్పుడు జాగ్రత్త అవసరమని కరోనా వచ్చిన నాటి నుంచి ఆమె దానిని విడువలేదు.

“అత్తమ్మా, జర ఆగు,” అన్నది వినోద. “నీకు మాస్కున్నది. మరి నా బిడ్డ మాస్కేది?”

“పసిపొల్లకు మాస్కేందే? పిచ్చి లేసిందా?”

“మరి పొగ నీకా, దానికా?”

“ఎన్నేండ్ల సంది పీల్చుతున్న నేను, నాకేమన్న అయ్యిందా? సూడు!” అని కొమురవ్వ మాస్కును గడ్డం కిందికి లాగి, మిగిలిన జవాబు చెప్పడానికి నిండుగా ఊపిరి తీసుకున్నది.

ఆ జవాబు నేటి వరకు ఎవరికీ తెలియలేదు. దగ్గు అందుకున్నది. కళ్ల నుంచి, ముక్కు నుంచి నీళ్లు కారాయి. అటక మీద కునుకు తీస్తున్న రాజనర్సు లేచి కూర్చున్నాడు.

“ఏందే, ఏడాది సంది లేని దగ్గు మల్ల వచ్చె? వాముతోని పోయిందంటివి గద!”

కొమురవ్వ దగ్గు ఆపుకొని మాస్కు వంక చూసింది; మూకుడు వంక చూసింది. ఏడాదిగా ఇంటింటికీ తిరిగి వాము మహిమను ప్రచారం చేసినది తానే. దగ్గును ఆపినది వాము కాదని, ముక్కు ముందున్న మూడు పొరల గుడ్డ అని ఇప్పుడు తేటతెల్లమైంది. చేతిలోని బిడ్డ గురగురమన్నది. ఆమె బిడ్డను తల్లి ఒడిలో పెట్టి, మూకుడు తీసుకొని మెట్ల దగ్గర ఉంచి వచ్చింది.

“ఏమయ్యా, బల్ల ఎక్కు. ఆ గుడ్డలు గుంజు,” అని ఆజ్ఞాపించింది.

వెంటిలేటర్ నుంచి వచ్చిన చీరముక్కలు తడిసి, బూజు పట్టి, ఏ రంగువో గుర్తించడానికి వీలు లేకుండా ఉన్నాయి. ఆ వాసనకు రాజనర్సే మాస్కు వెతుక్కున్నాడు. అటుపై పనులు చకచకా సాగాయి. పొయ్యి కిటికీ కిందికి, తడిబట్టల దండెం మెట్ల పైకప్పు కిందికి, జిగురు డబ్బా వరండాలోకి బదిలీ అయ్యాయి. నల్లబడిన మూలలను సబ్బునీళ్లతో తుడిచి, ఆరిన తరువాత సున్నం వేశారు. దోమల మాటేమిటని కొమురవ్వ అడిగింది. రాళ్లు వంకరగా అతికినందున సేటు తిప్పి పంపిన వల వంటి ఒక జాలీ చీరను వినోద కత్తిరించి కిటికీకి బిగించింది. ఎండ పడినప్పుడు గోడ నిండా మెరుపులే. పసిది వాటిని చూస్తున్నదని కొమురవ్వ అందరికీ చెప్పింది. అంత చిన్న పిల్లకు అంత దూరం కనిపించదని ఎవరూ ఆమెతో అనలేదు.

రాజనర్సు తన వంతుగా, కార్ఖానాలో తీసి పక్కన పెట్టిన ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను సేటును అడిగి తెచ్చి వెంటిలేటర్‌లో బిగించాడు. స్విచ్ వేయగానే ఇల్లంతా ఎండుచేపల వేపుడు వాసనతో నిండిపోయింది.

పక్కింటి గంగవ్వ గరిటెతో సహా వచ్చింది. “బావా, నా కూర వాసన నా ఇంట్ల లేదు! మొత్తం గుంజుకున్నవా? పురిటి పొల్లకు అప్పుడే ఎండుచేపలు తినిపిస్తవా ఏంది?”

“ఇంట్లకు గాలి రావాలె గద, అందుకే లోపలికి తిప్పి పెట్టిన,” అన్నాడు రాజనర్సు, కొంత గంభీరంగా.

“లోపలి పొగ బయటికి పోవాలె మామా. గాలి కిటికీలకెల్లి అదే వస్తది,” అన్నది వినోద నవ్వు ఆపుకుంటూ.

ఫ్యాను తిప్పి బిగించారు. వినోద ఒక జరీ దారాన్ని దాని ముందు పట్టుకోగా, దారం వెంటిలేటర్ వైపు చాచుకొని నిలిచింది. రాజనర్సు ఆ పరీక్షను మరి నాలుగుసార్లు స్వయంగా చేసి తృప్తి చెందాడు.

ఉప్పునీటి చుక్కలు వేసిన కొద్ది దినాలకు పసిదాని ముక్కు తేలిక పడింది. అయితే భివండీ ప్రయాణం రద్దయినట్లు వినోద ఏమీ చెప్పలేదు. అడగడానికి కొమురవ్వకు ధైర్యం చాలలేదు.

తొట్టెల నాటి ఉదయం వియ్యపురాలు చిన్నవ్వ ఖాళీ సంచి పట్టుకొని దిగింది. రైలులో పెట్టుకున్న మాస్కును తీయకుండానే గదంతా కలియజూసి, ముఖం చిట్లించింది.

“ఏంది వదినె ఇది? బాలింత ఇంట్ల కిటికీ తెరుస్తరా? ఊదు పొగ ఏది? గిట్లయితే నేను నా బిడ్డను తోల్కపోవుడు ఖాయం!”

ఊపిరాడటం లేదని తల్లిని పిలిపించినది వినోదే. ఇప్పుడు తల్లికి పొగ కావాలి!

కొమురవ్వ చెక్కుచెదరలేదు. “పొగ లేకపోవుడేంది వదినె? ఉన్నది, రా,” అని వియ్యపురాలిని మెట్ల దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ ఆనవాయితీ కోసం ఆ ఉదయం ఆమె నిప్పులు పోసి ఉంచిన మూకుడులో ఊదు పొగలు కక్కుతున్నది. “బిడ్డకంటె ముందు మనం సూడాలె గద. జర మాస్కు తీసి, వంగి, మంచిగ ఊపిరి పీల్చు.”

చిన్నవ్వ మాస్కు తీసింది, వంగింది. తరువాతి దగ్గు కింది అంతస్తు వరకు వినిపించింది.

“ఏమైంది వదినె? భివండీల గూడ గిట్లనే ఉంటదా?” అని కొమురవ్వ మంచినీళ్లు అందిస్తూ మిక్కిలి మర్యాదగా అడిగింది.

చిన్నవ్వ కళ్లు తుడుచుకొని లోపలికి వచ్చి మనుమరాలి పక్కన కూర్చున్నది. కిటికీ జాలీలోంచి వచ్చే గాలికి పసిదాని జుట్టు కదులుతున్నది. గురక లేదు. చిన్నవ్వ ఆ ముక్కు దగ్గర చేయి పెట్టి, ఊపిరి తగిలిన తరువాతనే చేయి తీసింది.

“సంచి సర్దుకున్నవా?” అని కూతురిని అడిగింది.

“లేదమ్మా. ఇక్కడ ఇప్పుడు మంచిగనే ఉన్నది,” అన్నది వినోద.

“ఇగ నేను ఊకెనే వచ్చిన్నా? చీర గట్టుకో, తొట్టెల టైమయితుంది.”

మధ్యాహ్నానికి వీధి ఆడవాళ్లందరూ మాస్కులతో వచ్చి వరండాలో గుమిగూడారు. కొమురవ్వ మొన్నటి దగ్గు వీధంతా విన్నందున అది తిరిగి వచ్చిందనుకొని, పాట ఎత్తుకోవడానికి పాత అలవాటుగా మెట్ల వైపు చెవులు రిక్కించి ఉన్నారు. ఆమె మనుమరాలిని ఎత్తుకొని వచ్చి, తొట్టెలలో పడుకోబెట్టి, తొలి ఊపు ఊపింది. అప్పుడు గంగవ్వ వెనుదిరిగి చూసింది.

“ఓ కొమురక్కా! ఎప్పుడొచ్చినవే? దగ్గు ఇనవడకపాయె, పాట ఎట్ల ఎత్తుకోవాలె మేము?”

“దగ్గు అయిపోయింది గని, ఇగ పాడుండ్రి,” అన్నది కొమురవ్వ.