వాత పడని తోలు

పోశాలుకు రోత పుట్టించడం అంత సులువు కాదు. చచ్చిన గొడ్డు ఎక్కడ పడి ఉన్నా, ఎన్ని ఈగలు ముసిరినా భుజాన తాడేసుకుని వెళ్ళి ఎత్తుకొచ్చేవాడు. సున్నపు గుంటలో మోకాలి లోతు దిగి తోళ్ళు తొక్కేవాడు. తోళ్ళు నానేసే, తంగేడు చెక్క ఊరే లంద తొట్టిలోంచి చేతులు బయటికి తీసి, కాస్త కడుక్కుని, పెళ్ళాం గంగి ఇచ్చిన గటక ముంత అందుకునేవాడు. ఆ కంపుకు గుర్రాలపల్లి జనం ముక్కులు మూసుకుని మాదిగవాడ పక్క నుంచి ఉరుకుతున్నట్టు నడిచేవారు. బావి నీళ్ళు తోడే తోలు మోట బొక్కెన చిరిగిన రోజు మాత్రం అదే జనం వచ్చి అతని గుడిసె ముందు నిలబడి, "పోశాలూ, బావిల నీళ్ళున్నయి గాని పైకి రాకపాయె" అని బతిమాలుకునేవారు. ముక్కు మూసుకోవడం మరిచిపోయేవారు. పోశాలు దాన్ని పట్టించుకునేవాడు కాదు.

ఊళ్ళో ఏ గొడ్డు చచ్చినా దాని తోలు అతనిది. ఎత్తాల్సిన పనీ అతనిదే. తాతల నాటి కట్టుబాటు. రైతులు పంట ఇంటికొచ్చినప్పుడు ఇన్ని గింజలు పెట్టేవారు. గడిలో దొర ఏమీ పెట్టేవాడు కాదు. చెప్పులు, పగ్గాలు, మోట తోళ్ళు అన్నీ ఊరికే కుట్టియ్యాలి, పైగా ఆలస్యమైతే తిట్లు. దాన్నే వెట్టి అనేవారు. ఆ ఏడు జనగామ తాలూకాలో ఊరూరా సంఘం పేరు వినబడుతోంది. వెట్టి చేయొద్దని సంఘం వాళ్ళు చెబుతున్నారట. గుర్రాలపల్లికి ఆ మాట వచ్చింది కానీ, ఎవరూ దాన్ని పైకి అనలేదు.

అలాంటి రోజుల్లో దొర మోటరు కారు కొన్నాడు.

మోటరు వచ్చింది, ఊరంతా చూసింది, అంతవరకు బాగానే ఉంది. దాని సీట్లు గుడ్డవి. దొరసాని జనగామ దాకా పోయొచ్చేసరికి వీపంతా చెమట పట్టి, గుడ్డ గరుకుకు ఒరుసుకుపోయిందట. దొర హైదరాబాదులో ఏ నవాబు మోటరులోనో తోలు సీటు మీద కూర్చుని వచ్చాడు. ఆ చల్లదనం, ఆ మెత్తదనం వదిలిపెట్టలేదు ఆయన్ని. మోటరు కార్ఖానా వాళ్ళేమో, యుద్ధం అయిపోయిందన్న మాటే గానీ మంచి తోలు దొరకడం లేదు, మీరే తెచ్చుకుంటే కుట్టిస్తాం అన్నారు. మెత్తగా ఉండాలి, ఏళ్ళకేళ్ళు చిరగకూడదు, మచ్చా గీతా ఉండకూడదు అని కూడా చెప్పారు.

గడి వ్యవసాయం చూసే శేరిదారు రామచంద్రం పోశాలును పిలిపించాడు. పోశాలు తన దగ్గరున్న తోళ్ళలో మేలైనవి ఏరి, మోసుకుపోయి గడి వాకిట్లో పరిచాడు. రామచంద్రం కర్రతో వాటిని పక్కకు నెట్టాడు.

"సచ్చిన గొడ్ల తోలు మీద దొర కూసుంటడారా? బుద్ధుండాలె."

"అన్ని తోళ్ళూ సచ్చినయే గద, అయ్యగారూ."

"బతికున్నయి చూడు. ఈనని పడ్డలైతే మెత్తగుంటదంట గద. ఊళ్ళె తిరిగి నాలుగిటిని ఏరు. కోసేటోళ్ళు అంగడినాడు జనగామ నుంచి వస్తరు. అప్పటి లోపల జెప్పాలె."

పోశాలుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నోట్లో నీళ్ళూరాయి, వాంతికి ముందు ఊరినట్టు. చచ్చినదాన్ని తాకడానికి అసహ్యపడే మనిషి, బతికున్నదాన్ని చంపించి దాని మీద మెత్తగా కూర్చుంటాడట. పోశాలు ఆ తోళ్ళను తిరిగి ఎత్తుకుంటుంటే అత్తరు వాసన వచ్చింది. దొర లోపల మేడ మీద నిలబడి చూస్తున్నాడు. మేలైన తోలు ఏది అని అడగడానికి కూడా కిందికి దిగలేదు.

రామచంద్రం వదల్లేదు. ఆ సాయంత్రమే పోశాలును ముందు పెట్టుకుని కొట్టం కొట్టం తిప్పాడు. ప్రతి గొడ్డు మీదా చెయ్యి వేయించాడు. ఆడవాళ్ళు గడపల్లో నిలబడి పోశాలు చెయ్యి వంకే చూశారు. నిన్నటిదాకా బొక్కెన కుట్టిన చెయ్యి, ఇవాళ ఏ గొడ్డు మీద ఆగితే ఆ గొడ్డు పోతుంది.

అండాలు అనే ముసలామె ఇంటి దగ్గర ఆ చెయ్యి ఆగింది. మొగుడు పోయాక ఆమెకున్నది ఒక్క పడ్డ, ఇంకా ఈనలేదు, తొలిచూలు. తను తాగే గంజిలో సగం దానికే పోసి పెంచింది. పోశాలు దాని డొక్క మీద చెయ్యి పెట్టగానే అది తల తిప్పి అతని మోచేతిని నాకింది. ఎంత మెత్తని తోలు. ఎంత బిగువైన తోలు. అతని చెయ్యి దాన్ని మెచ్చుకుంది. తన చెయ్యి తనదే అయినా దాన్ని చూసి అతనికి రోత పుట్టింది.

"ఎట్లుంది?" అన్నాడు రామచంద్రం.

"ఎండల జూడాలె. గిప్పుడు చీకటి పడె" అని పోశాలు తప్పించుకున్నాడు.

ఆ రాత్రి అన్నం ముట్టలేదు. గంగి విషయం లాగింది.

"నువ్వు జెప్పకుంటె గడోళ్ళు కొడ్తరు. జెప్తె ఊరు మన మొకం జూడదు" అంది.

"మచ్చ ఉండొద్దన్నరు గద. వాతలు పెడ్తె?"

గొడ్డుకు జబ్బవాపు వస్తే కొడవలి ఎర్రగా కాల్చి వాతలు పెట్టడం ఊళ్ళో అందరికీ తెలిసిందే. వాత పడిన చోట తోలు కమిలి ముడుచుకుపోతుంది. అలాంటి తోలును ఏ కార్ఖానా వాడూ ముట్టడు. గంగికి మొగుడి మాట వెంటనే అందింది. అందాక కోపం వచ్చింది.

"ఊరి గొడ్లన్నిటికీ వాతలు పెట్టిస్తవా? రేపు గవి సచ్చినంక తోలు ఎవ్వని దగ్గరికొస్తది? నీ దగ్గరికే గద. కాలిన తోలుతోని బొక్కెన కుడ్తవా? నీళ్ళు నిలుస్తయా అండ్ల? మనమేం తినాలె?"

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఊళ్ళో ఇప్పుడు నడుస్తున్న ప్రతి గొడ్డూ రేపటి అతని తిండి. అయినా మోచేతి మీద ఆ పడ్డ నాలుక తడి ఇంకా ఉన్నట్టే అనిపిస్తోంది అతనికి.

తెల్లారగానే మొదట అండాలు దగ్గరికే వెళ్ళాడు. చెప్పేది చెప్పాడు. ఆమె అతన్ని పురుగును చూసినట్టు చూసింది.

"కడుపుతోటున్నదాన్ని కాల్చమంటవా, పోశాలు?"

"కోసుడుకంటె కాల్చుడు మేలు, అండాలవ్వా."

కొడవలి ఆమే పొయ్యిలో పెట్టింది. వాత కూడా ఆమే వేసింది. పోశాలు పగ్గం పట్టుకున్నాడు. చుయ్‌మని పొగ లేచింది. పడ్డ అరిచిన అరుపు వాడ దాకా వినపడింది. కాలిన వెంట్రుకల వాసన, దాని వెనుకే కాలిన కండ వాసన. పురుగులు పట్టిన శవాలను మోసిన పోశాలు గోడవారకు పోయి కక్కుకున్నాడు. అండాలు కొడవలిని పారేసి, పడ్డ మెడను పట్టుకుని ఏడ్చింది. తర్వాత ఆముదంలో పసుపు కలిపి పుండు మీద రాసింది. పోశాలు రాయబోతే పడ్డ వెనక్కి వెనక్కి జరిగింది.

మధ్యాహ్నానికల్లా ప్రతి ఇంట్లో పొయ్యి మండింది. పోశాలు మాట గడప నుంచి గడపకు గుసగుసగా పోయి అందరికీ తెలిసింది. ఊరంతా ఒకటే కంపు. గొడ్లు వణుకుతూ నిలబడ్డాయి. ఊరి తోళ్ళన్నీ పోశాలు కళ్ళముందే చెడిపోయాయి, చెడగొట్టమని చెప్పింది తనే.

రామచంద్రం వచ్చి చూసి నోరు తెరిచాడు. ఎవరిని అడిగినా ఒకటే మాట. "జబ్బవాపంటయ్యా. తరిగొప్పుల దిక్కు గొడ్లు కూలుతున్నయట. భయమయి పెట్టుకున్నం."

"ఒక్కటన్న మిగిలిందారా వాత పడనిది?" అని పోశాలు మీద విరుచుకుపడ్డాడు.

"గడిల కచ్చడం ఎడ్లే, అయ్యగారూ."

నిజం కాబట్టి చెప్పాడు. వాటికేమీ కాదన్న ధీమాతో కూడా చెప్పాడు. దొరసానిని కచ్చడం బండిలో పుట్టింటికీ గుడికీ ఏళ్ళ తరబడి లాగిన ఎర్ర ఎడ్లు అవి. ఏరువాకనాడు వాటి కొమ్ములకు రంగులు పూసి, నుదుట బొట్టు పెట్టి, దొరే స్వయంగా హారతి పట్టేవాడు. వాటిని కోయించడం ఆయన కలలో కూడా అనుకోడని పోశాలు నమ్మాడు. ఎంత తెలివితక్కువ నమ్మకం.

రెండు రోజులకు తెల్లారేసరికి రెండు ఎడ్లూ గడి కొట్టంలో చచ్చి పడి ఉన్నాయి. పాము కరిచిందని చెప్పించారు. రెండింటినీ ఒకే పాము, ఒకే రాత్రి. తొట్టిలో మిగిలిన కుడితిలో గన్నేరు ఆకులు తేలుతున్నాయని గడిలో పాకీపని చేసే ఆమె గంగితో చెప్పింది. మోటరు వచ్చాక కచ్చడం అక్కర్లేదు, కచ్చడం అక్కర్లేకపోతే ఎడ్లూ అక్కర్లేదు, వాటి వాత పడని తోలు తప్ప. హారతి పట్టిన చేతుల్లోంచే ఆ కుడితి కూడా వచ్చి ఉంటుంది. థూ.

"పోశిగా, జల్ది రా. తాజాగున్నయి, ఒలువు" అని రామచంద్రం కబురు పంపాడు. చచ్చిన గొడ్డు తోలు మీద దొర కూర్చోడన్న మాట ఏమైందో మరి. తను చంపితే అది చచ్చిన గొడ్డు కాదు కాబోలు.

పోశాలు తోలు ఒలిచే రంపె కత్తిని చూరులో దోపేశాడు.

"రాను. ఒలువ. ఎత్త" అని కబురు తిప్పి పంపాడు.

పుట్టి బుద్ధెరిగాక చచ్చిన గొడ్డును ఎత్తనని అతను ఎన్నడూ అనలేదు. వాడలో ఎవరూ అనలేదు. గడి మనుషులు కర్రలతో వచ్చారు. వాడ మొగదల మాదిగలంతా నిలబడ్డారు, వాళ్ళ పక్కనే అండాలు, వాతలు పెట్టుకున్న రైతులు. పక్క ఊళ్ళో సంఘం జనం గడిని చుట్టుముట్టిన సంగతి వచ్చినవాళ్ళకు తెలుసు. కాసేపు కర్రలు నేలకు కొట్టి వెనక్కి పోయారు.

ఎడ్లు ఉబ్బాయి. గడిలో పనిచేసే మిగతా కులాల వాళ్ళను ఎత్తమన్నారు. ముట్టుకుంటే కులం పోతుంది, మమ్మల్ని చంపినా సరే అన్నారు వాళ్ళు. ఆ మాట మీద దొర కూడా ఏమీ అనలేకపోయాడు, ఆయనా అదే మాట మీద బతికినవాడు. వాన పడింది, ఎండ కాసింది. కంపు మేడ ఎక్కింది, వంటింట్లోకి, దేవుడి గదిలోకి పోయింది. దొరసాని కొంగు ముక్కుకు అదుముకుని మోటరెక్కి, అదే గుడ్డ సీట్ల మీద కూర్చుని పుట్టింటికి పోయింది.

చివరికి దొరే వాడ దాకా వచ్చాడు. రోడ్డు మీదనే ఆగి, రుమాలు ముక్కుకు పెట్టుకుని, "ఏం గావాలె నీకు?" అన్నాడు.

పోశాలు ఆ రుమాలు వంక చూశాడు. అత్తరు వాసన వచ్చింది. అతనికి ఏ పురుగు పట్టిన శవం దగ్గరా కలగనంత ఏవగింపు కలిగింది.

"నాకేం వద్దు, దొరా. మీ ఎడ్లు మీరే ఎత్తుకోండ్రి."

ఆ పొద్దుగూకే వేళ గడి తలుపులు బార్లా తెరిచారు, ఎడ్లను బయటికి లాగాలి కాబట్టి. ఊరంతా దూరంగా నిలబడి చూసింది. రామచంద్రం ముఖానికి గుడ్డ కట్టుకుని, ఒక ఎద్దు కాళ్ళకు మోకు కట్టి, ఒక కొస తను పట్టుకున్నాడు. రెండో కొస పట్టమని ఒక్కొక్కరి ముఖమూ చూశాడు. ఎవరూ కదల్లేదు. చాలాసేపు ఆ కొస నేల మీదే ఉంది. తర్వాత దొర రుమాలు జేబులో పెట్టుకుని, వంగి దాన్ని అందుకున్నాడు.

ఇద్దరూ కలిసి లాగారు. ఎద్దు కదల్లేదు.