అడుగు కనిపించే నీళ్ళు

భవానీపూర్‌లో మా ఈత క్లబ్బు చెరువు నీళ్ళు ఎప్పుడూ ఆకుపచ్చగా ఉండేవి. ఫ్రీస్టైల్ ఈదుతుంటే నా చెయ్యే నాకు కనిపించేది కాదు. గోడ ఎప్పుడొస్తుందో బారలు లెక్కపెట్టుకునే తెలుసుకునేదాన్ని.

రాష్ట్ర పోటీల రోజున మొదటిసారి పలకలు పరిచిన కొలనులో దూకాను. పొడవు మా చెరువంతే, నీళ్ళు మాత్రం అద్దంలా ఉన్నాయి. ఎంతో లోతున నేల కనిపించింది. ఎవరో మేడ మీంచి తోసేసినట్టు అనిపించింది. కళ్ళు గట్టిగా మూసుకుని, బారలు లెక్కపెడుతూ, గోడ చేతికి తగిలితే చాలు దేవుడా అని పారిపోయాను. మొదటి స్థానం వచ్చింది. "ఏం కసి!" అని మేమంతా దాదా, అంటే అన్న, అని పిలిచే కోచ్ మురిసిపోయాడు. కసీ లేదు, పాడూ లేదు.

ఆ తర్వాత పన్నెండేళ్ళూ కళ్ళు మూసుకునే ఈదాను. లేన్ తాడు గీసుకుని భుజాలు చెక్కుకుపోయేవి. ఎవరికీ చెప్పలేదు. ఓడల డాక్‌లో పని మానుకుని మరీ వచ్చే నాన్నకు అసలే చెప్పలేదు. ప్రతి పోటీకీ ముందు ఆయన నా గాగుల్స్‌ని చొక్కా అంచుతో తుడిచి, వెలుతురుకు పట్టి చూసి, నా చేతిలో పెట్టేవాడు.

"ఇప్పుడు అడుగుదాకా అగుపడతాదమ్మా" అనేవాడు.