జ్వరమని రాసి ఉంటే

మా కాలేజీలో హాజరు పట్టీలు చూసే పని నాది. పెనుకొండ నుంచి హిందూపురానికి రోజూ బస్సులో వెళ్లి పాఠాలు చెబుతాను. పాఠాల కంటే తిట్లే ఎక్కువని పిల్లలు అనుకుంటారు. అనుకోనీ.

ప్రభుత్వం ఫీజు కట్టాలంటే పిల్లలకు డెబ్బై ఐదు శాతం హాజరుండాలి. కాస్త తగ్గితే డాక్టరు చీటీ పెట్టుకోవచ్చు, అంతకు మించి దారి లేదు. అందుకే పరీక్షల ముందు మా పిల్లలందరికీ ఒకేసారి టైఫాయిడ్ వచ్చేది, ఒకే డాక్టరు చేతిరాతలో.

ఒక ఏడాది ఆ చీటీల కట్టను క్లాసులో బల్ల మీద విసిరికొట్టాను. "సిగ్గు లేదా మీకు? ఎందుకు రాలేదో ఉన్నదున్నట్టు రాసుకుని రండి. మిగిలింది నేను చూసుకుంటా" అన్నాను. ఆ చివరి ముక్క ఏ ఊపులో అన్నానో!

నా మాట నమ్మింది ఒక్కతే. రెండో సంవత్సరం పిల్ల, గొర్రెల కాపరుల ఇల్లు. సోమందేపల్లిలో మా బస్సే ఎక్కేది. నా పక్క సీట్లో సంచి పెట్టి, అడిగినవాళ్లతో పోట్లాడి మరీ ఆ పిల్లకు చోటు ఆపేదాన్ని.

"మా నాయన కాలు విరిగినందున, మందను నేను తోలుకుపోయినందున ఇరవై రెండు రోజులు రాలేదు" అని రాసి తెచ్చింది. కోతలైన పొలాల్లో ఎరువు కోసం గొర్రెలను ఆపుతామని కాపరులు రైతులకు ముందే మాటిస్తారు.

"మాటిచ్చి పోకుంటే మళ్లేడు ఎవరు పిలుస్తారు మేడం? మాయమ్మ, నేను పోయినాము."

"డాక్టరు చీటీ యాడుండాది?" అలవాటు కొద్దీ అడిగాను.

"కాలిరిగింది మా నాయనకు కదా మేడం, నాకు కాదే."

నవ్వుకుంటూ ఆ కాగితాన్నే పైకి పంపాను.

ప్రిన్సిపాల్ పిలిచాడు. "ఇది చెల్లదమ్మా. జ్వరమని రాయించు, ఇంకా రెండు దినాలు టైముండాది."

నేను ఊరుకుంటానా? నిజం రాసిన పిల్లకు అబద్ధం నేర్పమంటారా అన్నాను. ఈ రూలు రాసినవాడు ఒక్కరోజైనా మంద తోలాడా అన్నాను. రెండు రోజులూ గొంతు చించుకున్నాను. చివరికి ఆయనే నోరు మూసుకున్నాడు. గెలిచాననుకున్నాను. ఈలోగా గడువు దాటింది, ఫీజు జాబితాలోంచి ఆ పిల్ల పేరు పోయింది.

ఫీజు నేను కడతానని వాళ్లింటికి వెళ్లాను. మంచం మీదున్న తండ్రి చేతులు జోడించాడు. "ఈ ఏడు మీరు కడతారు తల్లీ. మళ్లేడు?" అన్నాడు. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి వింది. మళ్లీ బస్సెక్కలేదు. కొన్నాళ్లపాటు అలవాటు చొప్పున పక్క సీట్లో సంచి పెడుతూనే ఉన్నాను.

పోయిన నెల అక్క కూతురి పెళ్లి చీరల కోసం ధర్మవరం వెళ్తే, అంగట్లో చీరలు మడతపెడుతూ ఆ పిల్ల కనిపించింది.

"రండి మేడం, యా రంగు సూపీమంటారు?"

"నా మీద కోపం లేదా?" అన్నాను.

"కోపమెందుకు మేడం? నేను రాసింది నిజమే కదా." ఒక చీర విప్పి నా ముందు పరిచి, మెల్లగా అడిగింది. "ఇప్పుడొచ్చే పిల్లోళ్లకు ఏం రాయమని చెప్తాండారు?"

ఎవరితోనైనా వాదించగలిగినదాన్ని, చీర అంచు తడుముతూ కూర్చున్నాను. జ్వరమని రాయమంటున్నానని, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో కూడా నేనే చెబుతున్నానని ఆ పిల్లతో చెప్పడానికి నోరు రాలేదు.