మందు చొక్కా

పుంగనూరు దగ్గరి మా టమోటా చేన్లో పురుగుమందు కొట్టడానికి నాకో చొక్కా ఉండేది. ఏళ్ల తరబడి మందు తాగి అదెంత బిరుసెక్కిందంటే, విప్పి వదిలితే నేను లోపల లేకుండానే నిలబడేది. ఆ కంపుకు కాకులు మా ఊరి మీదుగా ఎగరడం మాని, చౌడేపల్లె చుట్టూ తిరిగి పోయేవి.

"ఆ సొక్కాతో గడప దాటినావంటే, దాంతోపాటు నిన్నూ ఆడనే తగిలిస్తా" అనేది నా భార్య. అందుకే అది మోటరు రూములో మేకుకు వేలాడేది.

చేను చివర ఒక్క సాలు మాత్రం ఇంటికని వదిలేవాణ్ణి. దానికి చుక్క మందు తగలనిచ్చేవాణ్ణి కాదు. మేం తినేవి ఆ కాయలే. తక్కినవన్నీ మదనపల్లె మార్కెట్టుకు. మందు కొట్టేవాడు చొక్కాలో ఉండేవాడు, పప్పన్నం తినేవాడు ఇంట్లో ఉండేవాడు. ఇద్దరికీ ముఖపరిచయం కూడా లేదు.

ఆ ఏడు ధర ఆకాశంలో ఉంది. మందు కొట్టిన మర్నాడే కోతకు పిలిచాను. కూలికొచ్చిన వాళ్లలో ఒకామె సాల్లోకి దిగబోతూ ఆగింది.

"మందు కొట్టి ఎన్ని దినాలైందన్నా?"

"నాలుగు దినాలైందమ్మా."

"నిజంగానా? కడుపుతో ఉండాను."

"నీకు అబద్ధం చెప్తే నాకేం వస్తాదమ్మా?"

ఒక లారీ టమోటా వస్తుంది. అది నా ఒంటి మీదున్న మందు చొక్కాకు తెలుసు.

మధ్యాహ్నం సంగటిలోకి ఆమె ఓ కాయ తెంపి, కొంగుకు తుడిచి కొరికింది. వద్దనడానికి నోరు తెరిచాను. యాల వద్దంటావని అడుగుతుంది కదా. మూసేశాను.

పొద్దు వాలకముందే వాంతులు చేసుకుని, చెమటలు కారుతూ పడిపోయింది. చొక్కా విప్పి మేకుకు తగిలించి, కాళ్లూ చేతులూ కడుక్కుని, ఇంటి చొక్కా వేసుకున్నాకే ఆమెను ఆటోలో మదనపల్లె తీసుకెళ్లాను.

"ఏం మందు? ఎప్పుడు కొట్టారు? త్వరగా చెప్పండి" అన్నాడు డాక్టరు.

"తెలీదు సార్. మందు కొట్టేది నేను కాదు."

నాలుక తడబడలేదు. నేను చెబుతున్నది నిజమేననిపించింది.

ఆమె బతికింది. కడుపు నిలవలేదు. మందు వల్లేనా అంటే డాక్టరు తేల్చలేకపోయాడు. ఏ మందో చెప్పాల్సినవాడు చెప్పలేదు మరి.

తిరిగొచ్చి మోటరు రూములోని చొక్కాను కాల్చేశాను. మూడు ఊళ్లకు కనిపించేంత పొగ లేచింది.

తర్వాతి కాపుకు, మందు కొట్టిన మర్నాడే, కొత్త కూలీలొచ్చారు. ఒకామె గట్టు మీదే నిలబడి అడిగింది. "ఎన్ని దినాలైందప్పా?"

"నాలుగు దినాలమ్మా" అన్నాను.

ఆ పూట పెండ్లికి పోవాలని, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని ఉన్నాను.