యంత్రానికి పెట్టిన బొట్టు

కలకత్తా న్యూ టౌన్‌లో మేం పనిచేసే ఆస్పత్రికి భోజనాలు మోసే రోబో వచ్చినప్పుడు, దాన్ని తిట్టనిది మా పిన్ని ఒక్కతే. వంటగది నుంచి వార్డుకు ట్రాలీ తోసే పని ఆమెది. ఆ పనికే అది వచ్చింది. మిగతా ఆయాలు దాని దారిలో బకెట్లు పెట్టి నవ్వుకునేవారు. పిన్ని తీసేసేది. "అదేటి సేస్తాది, తెచ్చినోడు తెస్తే వొచ్చింది," అనేది.

నేను అదే వార్డులో అటెండరును. బడి చదువు మధ్యలో ఆగినా, ఖిదిర్‌పూర్‌లో మా ఇంటి దగ్గరి గ్రంథాలయంలో మిగతాది నాకు నేనే చదువుకున్నాను. రోబో దేనితో చూస్తుందో, ఎందుకు ఆగుతుందో టీ వేళ అందరికీ వివరించేవాణ్ణి. దానివల్ల ఎవరి పనీ పోదని కూడా చెప్పేవాణ్ణి. వినేవారు గానీ నమ్మేవారు కాదు.

విశ్వకర్మ పూజ నాడు కలకత్తాలో పూజ అందని పనిముట్టు ఉండదు. మా లిఫ్టుకూ అంబులెన్సులకూ దండలు పడ్డాయి. రోబోను ఎవరూ పట్టించుకోలేదు. పిన్నికి అది తప్పనిపించింది. బంతిపూల దండ వేసి, ముందువైపు మెరిసే నల్లటి అద్దాన్ని నుదురనుకుని, నూనెలో కలిపిన సిందూరం మెత్తింది. నేనప్పుడు ఒక రోగిని ఎక్స్‌రేకు తీసుకెళ్లాను.

అది దాని కన్ను. భోజనాలు లోపల పెట్టి తలుపులు మూశాక రోబో కదల్లేదు; వార్డు చేరితేగానీ తెరుచుకోని ఆ తలుపులూ తెరుచుకోలేదు. ఇన్సులిన్ వేయించుకుని అన్నం కోసం చూస్తున్న ఒకాయనకు కళ్లు తిరిగాయి.

సూపర్‌వైజరు పిన్నిని పిలిచాడు. ఆయాల కోపం ఆయనకు తెలుసు. కావాలనే చేసిందన్నాడు. పిన్ని నావైపు తిరిగింది.

"నువ్ సెప్పరా. బుక్కులన్నీ సదివినోడివి, నీ మాటైతే ఇంటారు."

చెప్పాను. నా బెంగాలీ బాగుంటుంది. పూజ సంగతి, బొట్టు సంగతి, ఆ అద్దం వెనక ఏముందో ఆమెకు తెలిసే వీలు లేదన్న సంగతి వరసగా చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నాడు.

"ఇంత తెలిసిన నువ్వు ఆమె ఇంట్లోనే ఉన్నావు. ఆమెకు తెలియదంటే నమ్మమంటావా?"

పిన్ని టీ తాగదనీ, నా కబుర్లు ఎప్పుడూ వినలేదనీ చెప్పబోయాను. ఆ మాట నాకే సాకులా వినిపించింది.

పిన్నిని రేపటి నుంచి రావద్దన్నాడు. పిన్ని ఒక్కటే అడిగింది: "దాదా, ఆ సిందూరం తుడిసేసెల్తాను. జనం ఆకలితో ఉన్నారు." దాన్ని ముట్టుకోవద్దన్నాడు; కంపెనీ మనిషి వచ్చి చూస్తాడట.

అందాకా వంటగదిలో మళ్లీ వడ్డించి, పాత ట్రాలీ నన్ను తొయ్యమన్నారు. పిన్ని మెడలోంచి గుర్తింపు కార్డు తీస్తోంది. నేను ట్రాలీ తోసుకుంటూ వార్డులోకి వెళ్లాను.