కొబ్బరికాయల డోంగీ

గోవిందరాజులు మాస్టారి ఫిజిక్స్ క్లాసులో సరైన జవాబుకు పెద్ద విలువ లేదు. అండమాన్‌లోని గరాచర్మ బడి పిల్లలు పేర్లు లేకుండా తమకు తోచింది చీటీల మీద రాసిస్తే, అందులోంచి మంచి తప్పొకటి ఏరి, మర్నాటి పాఠం దాని మీదే నడిపేవారు.

"పుస్తకంలోది నాకు తెలుసు. మీ బుర్రలో ఏముందో చెప్పండర్రా" అనేవారు.

పన్నెండేళ్ళ కిందట ఒక శనివారం, డోంగీ పడవలోంచి జెట్టీ మీదికి దూకితే డోంగీ ఏమవుతుందని అడిగారు. "నిండా కొబ్బరికాయలుంటే బరువుకి కదలదు" అని ఒక చీటీ వచ్చింది. దస్తూరీ తొమ్మిదో తరగతి సత్యారావుది. మాస్టారు ముచ్చటపడి, సోమవారం చెబుదామని జేబులో వేసుకున్నారు. ఆదివారం సత్యారావు కాయల డోంగీలోంచి దూకాడు. అది కాస్త వెనక్కి జరిగింది. జెట్టీ అంచు అందక మధ్యలో నీళ్ళలో పడ్డాడు. ప్రాణంతో పైకి రాలేదు.

మాస్టారిని ఎవరూ ఒక్క మాట అనలేదు. చాతం రేవులో ఫెర్రీ జెట్టీకి తగిలే చప్పుడు వింటే మాత్రం ఇప్పటికీ ఆగి వెనక్కి తిరిగి చూస్తారు. చివరి బెంచీ మూల ఎవరో జవాబు కోసం కూర్చున్నట్టే ఉంటుంది. ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు.

మొన్న శనివారం క్లాసులో శ్రావణి అనే పిల్ల ఎవరూ అడక్కుండానే అంది: "సర్, లోడు బోటు హిలేగా నహీ, కదలదు కదా? మా నాన్న బోటులోంచి రోజూ దూకుతా."

అంతలో గంట కొట్టారు.

"బైఠో! ఎవరూ కదలొద్దు."

"సర్, బస్సు పోద్ది!"

"పోనీ."

బడి వంటగదిలోంచి బియ్యం బస్తాల చక్రాల బండి లాక్కొచ్చి, బస్తాల మీద తానే కూర్చున్నారు. శ్రావణిని ఎక్కించుకుని దూకమన్నారు. ఆమె దూకగానే బండి వెనక్కి జరిగింది.

"అరే, సర్ పారిపోతున్నారు!" పిల్లలు గొల్లుమన్నారు.

"ఎంత జరిగింది?"

శ్రావణి వంగి కొలిచింది. "నాలుగు వేళ్ళు, సర్."

"బరువెక్కువైతే తక్కువ జరుగుద్ది. జరక్కుండా ఉండదు. కాలు జారడానికి అంత చాలు." మొదటిసారి క్లాసులో సత్యారావు పేరెత్తి, జరిగింది చెప్పారు.

"ఆ భయ్యాకి ఎవరూ చెప్పలేదా సర్?" అంది శ్రావణి.

"నేనే చెప్పలేదమ్మా."

శ్రావణి మళ్ళీ బండెక్కింది. ఈసారి దూకలేదు. అంచు పట్టుకుని, ఒక కాలు నేలకు ఆనించి, మెల్లగా దిగింది.

"ఇంకోసారి" అన్నారు మాస్టారు. దిగింది.

బయట బస్సు వెళ్ళిపోయింది.

"ఇంకోసారమ్మా."